గోడలకు చెవులుంటాయి

చిన్న రసం తినడానికి కత్తి అక్కర్లేదు. పండుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తొక్క చిట్లకుండా నాలుగు వైపులా మెల్లగా నలపాలి. ముచ్చిక ఊడదీసి, మొదటి నాలుగు చుక్కల సొన పిండి పారేసి నోటికి పెట్టుకోవాలి. చివరికి మిగిలేది ముడతలు పడ్డ తొక్క, పీచు పట్టిన టెంక. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల మధ్య పెరిగిన పిల్లలకి ఈ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. బంగినపల్లిని కోసుకుని తింటారు. కలెక్టరు కాయ ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకి పోతుంది. రసాలు మాత్రం జుర్రుకోవడానికే పుట్టాయి.

నెల కిందట ఇదే కాయ గోడకేసి కొట్టినా పగలనంత గట్టిగా ఉండేది. ఇప్పుడు అరచేతి ఒత్తిడికే రసమైపోతోంది. మధ్యలో ఏం జరిగింది?

జంతువుల కణాలకి లేనిది, మొక్కల కణాలకి ఉన్నది ఒకటుంది: గోడ. సెల్యులోజ్ పోగులు, ఆ పోగుల్ని కలిపి కట్టే హెమిసెల్యులోజ్, వాటి సందుల్లోనూ పక్కపక్క కణాల నడుమా జిగురుగా పరుచుకునే పెక్టిన్. ఇవన్నీ చక్కెర అణువుల గొలుసులే, అల్లికలోనే తేడా. పచ్చికాయ బిగువు చాలావరకు ఈ గోడదే. కాయ పక్వానికి వచ్చినప్పుడు తన గోడని తనే విప్పుకోవడం మొదలుపెడుతుంది. పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైము పెక్టిన్ గొలుసుకి తగిలించి ఉన్న మిథైల్ తొడుగుల్ని ఊడదీస్తుంది. వెనకనే పాలీగెలాక్టురొనేజ్ వచ్చి గొలుసుని ముక్కలు చేస్తుంది. జిగురు వదిలిన కణాలు ఒకదానికొకటి పట్టు తప్పుతాయి. మనం నలిపినప్పుడు చితికేది ఆ వదులైన కణాలే. పళ్ల సందుల్లో ఇరుక్కునే పీచు మాత్రం అంత తేలిగ్గా లొంగదు, అది కాయకి నీళ్లూ ఆహారమూ మోసిన నాళాల కట్ట.

పండు సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. గోడ విప్పే ఈ పనినే, అదునుకాని అదునులో, చెట్టుకి చెప్పకుండా చేసే ప్రాణి ఒకటుంది.

దాని జాడ ముందు ఆకు మీద కనిపిస్తుంది. నీళ్లలో నానినట్టుండే చిన్న చుక్కలు. ఈనెలు అడ్డుపడడంతో గుండ్రంగా పెరగలేక మూలలు తేలతాయి. కొద్ది రోజులకి నల్లబడి, కాస్త ఉబ్బి, చుట్టూ పసుపు అంచు కడతాయి. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. బూజు జాతి వల్ల వచ్చే పక్షికన్ను తెగులు అనుకుని దానికి మందు కొట్టేవాళ్లూ ఉన్నారు. కాయ మీద అయితే తొక్కలోని గాలిరంధ్రాల చుట్టూ చుక్కలు లేచి, నక్షత్రాకారంలో పగిలి, జిగురు కారుతుంది. ఆ జిగురు మీదుగా వానచుక్క జారితే, జారిన దారి పొడవునా కొత్త మచ్చలు వరస కడతాయి. లోపలి గుజ్జు బాగానే ఉండొచ్చు. కానీ నున్న మార్కెట్లో రాశి పోసిన కాయల్ని కళ్లతోనే కదా బేరం చేసేది!

మామిడి నల్లమచ్చ అనే ఈ తెగులుని మొదట వర్ణించింది మామిడి పుట్టిన దేశంలో కాదు, దక్షిణాఫ్రికాలో. ఎథెల్ డోయిడ్జ్ అనే శాస్త్రవేత్త మామిడికి వచ్చే ఈ బాక్టీరియా తెగులు మీదే 1914లో డాక్టరేట్ తీసుకుంది. ఆ దేశంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ ఆమే. మన దగ్గర 1948లో పటేల్, మోనిజ్, కులకర్ణి దీన్ని గుర్తించి మరో పేరు పెట్టారు. తర్వాత కూడా పేర్లు మారుతూనే వచ్చాయి. ఇప్పుడు స్థిరపడినది శాంథోమొనాస్ సిట్రి పాథోవార్ మాంజిఫెరె ఇండికె. అంటే నిమ్మ, బత్తాయిలకి గజ్జి తెగులు తెచ్చే బాక్టీరియాకి దీన్ని జ్ఞాతిగా లెక్కగట్టారన్నమాట. పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు, లేదా కొంచెం ఎక్కువ. ఒక చివర ఒకే ఒక్క తోక.

ఇంత చిన్న ప్రాణి చెట్టు గోడల మధ్యకి ఎలా దూరుతుంది? దూరాక చెట్టు ఎందుకు ఊరుకుంటుంది? వీటికి సూటి జవాబులు మామిడి తోటల్లో దొరకలేదు. మామిడి మీద తరాల వారీగా ప్రయోగాలు చేయాలంటే ఓపిక చాలదు, ఆయుష్షు కావాలి. నాటిన అంటు నికరమైన కాపుకి రావడానికే ఏళ్లు పడుతుంది. జవాబులు దొరికింది నూజివీడు మెట్ట దిగి, కృష్ణ కాలవల కిందికి వెళ్తే కనబడే పంటలో. అంటే వరిలో.

వరికి ఎండాకు తెగులు తెచ్చేదీ శాంథోమొనాసే. జపాన్‌లోని ఫుకుఓకా రైతులు 1884లోనే ఆ తెగులుని గమనించారు. ఆకు కొసల నుంచి అంచుల వెంట గడ్డి రంగుకి తిరిగి ఎండిపోతూ వస్తుంది. ఈ బాక్టీరియా వరిని లొంగదీసే తీరుని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో రమేశ్ వి. సొంటి బృందం ఏళ్ల తరబడి తవ్వి తీసింది. 2004లో ఆయనకి శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. తర్వాత ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థకి డైరెక్టరుగా వెళ్లారు. పురస్కారాల మాట పక్కన పెట్టినా, వాళ్లు ప్రశ్న అడిగిన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది.

పద్ధతి ఇదీ. బాక్టీరియా జన్యువుల్లోకి ఎక్కడపడితే అక్కడ దూరి కూర్చునే డీఎన్ఏ ముక్కని వదులుతారు. అది దూరిన చోట ఆ జన్యువు పాడైపోతుంది. ఇలా తలా ఒక జన్యువు చెడిన వేల బాక్టీరియా వస్తాయి. ఒక్కో రకాన్ని పెంచి, ఆ ద్రవంలో కత్తెర ముంచి, వరి ఆకు కొస కత్తిరిస్తారు. రెండు వారాల తర్వాత స్కేలు పెట్టి, ఎండిన భాగం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలుస్తారు. ఎండకుండా పచ్చగా నిలిచిన ఆకు కనబడితే పండగే. అక్కడ చెడిన జన్యువేదో తెగులుకి తప్పనిసరి అన్నమాట. కత్తెర, స్కేలు, ఓపిక. ఖరీదైన యంత్రాలు ఆ తర్వాత సంగతి.

అలా పట్టుబడ్డ వాటిలో కొన్ని బాక్టీరియా ఒంటి పైభాగానికి సంబంధించినవి.

వాటిలో మొదటిది జిగురు. పళ్లెంలో పెంచితే శాంథోమొనాస్ కాలనీలు తేమగా, నిగనిగలాడుతూ, పుల్లతో ఎత్తితే తీగ సాగుతాయి. గమ్-జి అనే జన్యువు చెడిన రకం మాత్రం పొడిగా మిగిలింది. అది వరికి తెగులు తేలేకపోయిందని సీసీఎంబీ బృందం 1999లో ప్రచురించింది. ఈ జిగురు పేరు శాంథాన్. అది మనకి పరాయిది కాదు. అమెరికాలోని పియోరియా ప్రయోగశాలలో ఆలెన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు క్యాబేజీ జాతి మొక్కల శాంథోమొనాస్ నుంచి దీన్ని వెలికి తీశారు. 1969లో అక్కడ ఆహారంలో వాడకానికి అనుమతి వచ్చింది. సాసు సీసా మీదో ఐస్‌క్రీం డబ్బా మీదో 415 అనే అంకె కనిపిస్తే అది ఇదే. దీని వెన్నెముక సెల్యులోజ్‌లో ఉండే గ్లూకోజ్ గొలుసే, పక్కన వేరే చక్కెరల కొమ్మలు తగిలించి ఉంటాయి. మొక్క సెల్యులోజ్‌ని తెంచుకు తినే ప్రాణి, తన దుప్పటిని అదే అల్లికతో నేసుకుంటుంది. దుప్పటి ఎండకి ఆరిపోకుండా కాపాడడంతో ఆగదు. మొక్కలో ప్రమాదఘంటిక మొదలయ్యేది కణంలోకి కాల్షియం దూసుకుపోవడంతో. శాంథాన్ చుట్టుపక్కల కాల్షియాన్ని పట్టి ఉంచి ఆ ఘంటిక గొంతు నొక్కుతుందని 2008లో యూరప్ పరిశోధకులు చూపించారు.

రెండోది అంటుకునే ప్రోటీన్లు. తెల్లవారుజామున వరి ఆకు అంచున వరసగా నిలిచే బిందువులన్నీ మంచు కావు. చాలావరకు మొక్క తన అంచు రంధ్రాల గుండా కక్కిన నీళ్లు. ఎండ ఎక్కే వేళకి ఆ నీటిలో కొంత తిరిగి లోపలికి ఇంకుతుంది. బాక్టీరియాకి అదే దొడ్డిదారి. ఆ దారి దొరికే దాకా ఆకుని పట్టుకుని వేలాడాలి. సొంటి బృందం 2002లో గుర్తించిన శాడ్-ఎ అనే పెద్ద ప్రోటీను, మనుషులకీ పశువులకీ జబ్బు చేసే బాక్టీరియా వాడే అతుకు ప్రోటీన్లని పోలి ఉంది. తర్వాతి పనిలో ఇంకో సంగతి తేలింది. శాడ్-ఎ అవసరం ఎక్కువగా ఆకు పట్టుకునేటప్పుడూ లోపలికి దూరేటప్పుడూ. నాళాల్లోకి చేరాక మరో అతుకు ప్రోటీను ముందుకొస్తుంది. ఒక్క అంటుకోవడంలోనే ఇన్ని అంచెలున్నాయి.

మూడోది లిపోపాలీశాకరైడ్. బాక్టీరియా వెలుపలి పొర మీద నిలబడి ఉండే కొవ్వు-చక్కెర అణువు. దీన్ని తయారు చేసే జన్యువుల గుంపు ఒకే జాతి శాంథోమొనాస్‌లో కూడా ఒక రకానికీ మరో రకానికీ పూర్తిగా వేరుగా ఉందని, వాటి డీఎన్ఏ తీరు చూస్తే పరాయి బాక్టీరియా నుంచి ఎత్తుకొచ్చినట్టుందని 2004లో సీసీఎంబీ నుంచే వచ్చిన వ్యాసం చెప్పింది. బాక్టీరియాని తినే వైరసుల్లో కొన్ని వాలేది ఈ అణువుల మీదే కాబట్టి చొక్కా మార్చడంలో లాభం ఉంది. మొక్కలు కూడా ఈ అణువుని గుర్తుపట్టి మేలుకుంటాయని చాలాకాలంగా నమ్మకం. 2015లో జర్మనీ శాస్త్రవేత్తలు ఆవాలకి దూరపు చుట్టమైన అరబిడాప్సిస్ మొక్కలో ఆ గుర్తుపట్టే ప్రోటీనుని కనిపెట్టారు. నాలుగేళ్ల తర్వాత వాళ్లే తిరిగి పరీక్షించి, మొక్క నిజానికి పసిగడుతున్నది లిపోపాలీశాకరైడ్‌ని కాదు, దాన్ని శుద్ధి చేసినప్పుడు వెంట వచ్చిన చిన్న కొవ్వు ఆమ్లాలని అని తేల్చారు. శుద్ధి అనే మాటని ప్రయోగశాలలో ఎంతవరకు నమ్మాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నాలుగోది పసుపు రంగు. ఈ జాతి బాక్టీరియా వెలుపలి పొరలో శాంథోమొనాడిన్ అనే పసుపు వర్ణకం ఉంటుంది. అది వెలుతురు దెబ్బ నుంచి కాపాడుతుందని సొంటి, బాలసుబ్రమణియన్ తదితరులు 1997లో చూపించారు. విచిత్రమేమిటంటే, మామిడి మీద దొరికే రకాల్లో ఎక్కువ వాటికి ఆ పసుపు లేదు. తెల్లటి కాలనీలు కడతాయి. ఏప్రిల్, మే ఎండల్లో మామిడాకు మీద బతికే ప్రాణి గొడుగు ఎందుకు పారేసుకుందో ఆలోచించదగ్గ ప్రశ్నే.

పైభాగం సంగతి ఇంతటితో వదిలి ఆయుధాల దగ్గరికి వద్దాం.

బాక్టీరియా తన లోపల తయారు చేసిన ఎంజైముల్ని రెండు పొరలు దాటించి బయటికి పంపాలి. దానికో ప్రత్యేక యంత్రాంగం ఉంది, శాస్త్రవేత్తలు రెండో రకం స్రావ వ్యవస్థ అంటారు. అది చెడిన బాక్టీరియా వరిని ఏమీ చేయలేదని 2000లో తేలింది. దాని గుండా బయటికి వచ్చేవి ఏమిటని వెతికితే గోడ పగలగొట్టే సరంజామా అంతా దొరికింది. వరి గోడలో పెక్టిన్ తక్కువ, జైలాన్ ఎక్కువ. అందుకు తగ్గట్టే జైలాన్ తెంచే జైలనేజ్ ఉంది, సెల్యులోజ్‌కి రెండు ఎంజైములున్నాయి, లిప్-ఎ అనే ఎస్టరేజ్ ఉంది. ఒక్కదాన్ని తీసేస్తే బాక్టీరియా ఎలాగో నెట్టుకొస్తుంది. జైలనేజ్, లిప్-ఎ రెంటినీ కలిపి తీసేస్తే బాగా దెబ్బతింటుంది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఎంజైము తెగులు పెంచేదైతే, శుద్ధి చేసిన ఎంజైముని ఒంటరిగా ఆకులోకి ఎక్కిస్తే ఆకు ఇంకా పాడవ్వాలి. అదేం జరగలేదు, ఆకు తిరగబడింది. ఎంజైము తాకిన చోట కణాలు తమ గోడలకి లోపలి వైపు నుంచి కాలోజ్ అనే పదార్థంతో మాట్లు వేసుకున్నాయి. అనిలిన్ బ్లూ అద్ది అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆ మాట్లు చీకట్లో మెరిసే చుక్కలై కనిపిస్తాయి. కొన్ని కణాలు తమంతట తామే చచ్చిపోయి దారి మూసేశాయి. లిప్-ఎ ముందుగా పట్టించిన ఆకు మీద తర్వాత అసలు బాక్టీరియాని వదిలితే తెగులు సరిగ్గా ఎక్కలేదు కూడా. 2007లో ప్రచురించిన ఈ పని నా దృష్టిలో ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన వాటిలో మిన్న.

ఎందుకిలా? గోడలకు చెవులుంటాయి కాబట్టి. కన్నపు దొంగ గునపం వేసినప్పుడు ఇటుక రాలుతుంది, రాలిన ఇటుక చప్పుడు చేస్తుంది. తెగిన గోడ ముక్కలు, అంటే చిన్న చిన్న చక్కెర గొలుసులు, మొక్క కణాల పైపొరలోని గ్రాహక ప్రోటీన్లకి తగులుతాయి. అంత పొట్టి గొలుసులు మామూలు రోజుల్లో అక్కడ తేలవు. తేలాయంటే గోడ ఎవరో తవ్వుతున్నారని లెక్క. బాక్టీరియా చొక్కా మార్చగలదు, జిగురు కప్పుకోగలదు. కానీ గోడ కూల్చకుండా తిండి లేదు, కూలిస్తే ముక్కలు రాలక తప్పదు.

మరి తెగులెలా వస్తోంది? బాక్టీరియాకి మూడో రకం స్రావ వ్యవస్థ కూడా ఉంది: కణంలోకి గుచ్చి ప్రోటీన్లు ఎక్కించే సూది. ఆ ప్రోటీన్లు లోపలికి వెళ్లి మేలుకున్న మొక్కని జోకొడతాయి. సూది చెడగొట్టిన బాక్టీరియాని ఎక్కిస్తే వరి గట్టిగా ప్రతిఘటించింది. సూదితో పాటు ఎంజైములు పంపే దారి కూడా మూసేస్తే ప్రతిఘటన చాలావరకు తగ్గిపోయింది. అంటే ఆకుని మేల్కొలిపిందీ ఎంజైములే, ఆ మెలకువని అణచిందీ సూదే. విడివిడిగా చదువుకునే రెండు యంత్రాలు ఒకదాని తప్పుని మరొకటి కప్పిపుచ్చుతూ పనిచేస్తున్నాయి.

లిప్-ఎ ఆకృతిని సీసీఎంబీలోనే రాజన్ శంకరనారాయణన్ బృందం స్ఫటికాల ద్వారా చూసి 2009లో బయటపెట్టింది. కోత కోసే భాగం మామూలు ఎస్టరేజ్‌లదే. దాని పక్కన ఇదివరకెక్కడా చూడని అదనపు భాగం ఒకటుంది, చక్కెరని పట్టి నిలిపే గుంటతో. ఆ గుంటని మార్చేస్తే ఎంజైము తెగులు తేవడంలోనూ పనికిరాలేదు, మొక్కని మేల్కొలపడంలోనూ పనికిరాలేదు.

2020లో ఇంకో పెద్ద సంగతి తెలిసింది. శాంథోమొనాస్‌లలో కొన్ని నాళాల గుండా మొక్కంతా పాకుతాయి, కొన్ని ఆకు మీద మచ్చ వేసి అక్కడే ఆగిపోతాయి. అమెరికా, యూరప్ ప్రయోగశాలలతో కలిసి సీసీఎంబీ వాళ్లు కూడా పాల్గొన్న అధ్యయనం ప్రకారం ఈ తేడాకి ఒక్క జన్యువు చాలు: సెల్యులోజ్ తెంచే సీబీఎస్-ఎ. బార్లీకి మచ్చ మాత్రమే వేసే బాక్టీరియాకి ఆ జన్యువు ఇస్తే నాళాల్లోకి పాకింది. నాళాల్లో పాకేదాని నుంచి దాన్ని తీసేస్తే మచ్చ దగ్గర ఆగిపోయింది. మామిడాకు మీద ఈనెల మధ్య మూలలు తేలిన మచ్చని ఈ వెలుగులో చూడాలి. ఈనె నాళాల కట్ట, దాటలేక దాని పక్కనే కూర్చున్న తెగులు ఆ మచ్చ.

వరిలో ఈ చదువు పొలానికి చేరింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరిని, రైతుల నోట బీపీటీని, ఎండాకు తెగులు సులువుగా పట్టేది. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువుల్ని దాంట్లోకి తెచ్చి 2008లో మెరుగుపరిచిన సాంబ మసూరిని విడుదల చేశాయి. జన్యుమార్పిడి కాదు. సంకరపరిచి, పిల్ల మొక్కల్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ, కావలసిన జన్యువులు ఉన్నాయో లేదో డీఎన్ఏ గుర్తులతో చూసుకుంటూ వచ్చారు. అందుకే గింజ సన్నదనం, అన్నం రుచి చెడలేదు.

రసాలకి ఈ దారి నడవదు. తోటల్లోని ప్రతి చిన్న రసం చెట్టూ మరో చిన్న రసం చెట్టు నుంచి తీసిన అంటే. టెంక నాటితే తల్లి రుచి రాదు. వేరే రకంతో సంకరపరిస్తే నిరోధకత రావచ్చేమో గానీ వచ్చేది రసం కాదు, మరేదో కాయ. తిరిగి తిరిగి సంకరపరిచి రుచిని వెనక్కి తెచ్చుకుందామంటే ఒక మనిషి ఉద్యోగ జీవితం చాలదు. కాబట్టి మామిడిలో పోరాటం లోపలికి దూరకముందే జరగాలి. రాగి మందులు ఆకు మీద ఉన్న బాక్టీరియాని చంపుతాయి, రంధ్రం దాటి కణాల మధ్యకి చేరిన దాన్ని తాకలేవు. వేసవి గాలివానలకి కొమ్మలు రాసుకుని తొక్క గీరుకుపోతే ఆ గాయాలే వాకిళ్లు. తోట చుట్టూ గాలి అడ్డు చెట్లు పెంచమనేది, మచ్చలున్న రెమ్మలు కత్తిరించి కాల్చేయమనేది, అంటుకట్టే పుల్ల శుభ్రమైన చెట్టు నుంచే తీయమనేది అందుకే. పాతకాలపు సలహాలని తీసిపారేసేవాళ్లు గమనించాల్సిందేమిటంటే, అవన్నీ అతుకు ప్రోటీన్లు పనిచేసే దశలోనే దెబ్బ కొడుతున్నాయి.

మిగిలింది మేల్కొలుపు. శుద్ధి చేసిన ఎంజైమో, అది రాల్చే గోడ ముక్కో ముందుగా పట్టించి వరిని అప్రమత్తం చేయగలిగినప్పుడు మామిడిని ఎందుకు చేయకూడదు? వరి ఎంజైముని తెచ్చి పెడితే కుదరకపోవచ్చు, ఎందుకంటే మామిడి గోడ జైలాన్ గోడ కాదు, పెక్టిన్ ఎక్కువున్న గోడ. రాలే ముక్కలు వేరు, వాటిని వినే గ్రాహకాలూ వేరు. కొత్త వంగడం కోసం ఏళ్లు ఎదురుచూసినట్టు దీనికి చూడక్కర్లేదు. మామిడి నల్లమచ్చని ప్రయోగశాలలో పరీక్షించేదే లేత ఆకులోకి బాక్టీరియాని ఎక్కించి. నర్సరీ మడిలో రాగి రంగు తిరిగి పచ్చబడుతున్న అంటు మొక్కల ఆకులు, సూది లేని సిరంజి, శుద్ధి చేసిన పెక్టిన్ ఎంజైములు నాలుగైదు, అనిలిన్ బ్లూ, అతినీలలోహిత దీపమున్న మైక్రోస్కోపు ఉంటే మొదటి జవాబు ఒక్క చిగురు కాలంలోనే వస్తుంది.